వాతాయనం: రెక్కల కిటికీయా, పైకెత్తు కిటికీయా?

కిటికీకి సంస్కృతంలో వాతాయనమని పేరు. గాలి నడిచే త్రోవ అని దాని అర్థం. గవాక్షమన్న మరొక పేరు కూడా ఉన్నది. అది ఎద్దు కన్నువంటి గుండ్రని రంధ్రాన్ని బట్టి ఏర్పడింది. అమరకోశం ఈ రెండింటినీ పర్యాయపదాలుగానే చెప్పినా వైద్యునికి మొదటి పేరే ముఖ్యం. వెలుతురు కోసం, ఇంటి శోభ కోసం, వీధిని చూడటం కోసం కిటికీ పెట్టుకొనేవారు పెట్టుకొందురు గాక. ఆ గదిలో నిద్రించే మనిషి రాత్రంతా పీల్చే ఊపిరి మాత్రం ఆ త్రోవ మీదనే ఆధారపడి ఉన్నది.

ఇల్లు కట్టుకొంటున్నవారు, పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నవారు మందుకోసం వచ్చి, నాడి చూపించుకొని, లేచే ముందు సంచిలోనుండి కిటికీల దుకాణంవారి రంగుల పుస్తకం తీసి చూపించడం కొన్నేళ్ళుగా నాకు అలవాటైపోయింది. “అయ్యా, పక్కకు తెరుచుకొనేవి పెట్టించమంటారా, కిందినుండి పైకి లేచేవి పెట్టించమంటారా?” అని అడుగుతారు. వాస్తు సంగతి నన్ను అడగవద్దని ముందే చెబుతాను. అది చెప్పేవారికి కొరత లేదు. ఆరోగ్యం సంగతి మాత్రం తప్పక అడగవలసినదే. అది అడిగేవారు తక్కువ గనుకనే ఈ వ్యాసం.

ముందుగా ఆ రెండు రకాలూ ఏవో చెప్పుకొందాము. మొదటిది మన తాతల నాటినుండి ఉన్నదే. చట్రానికి ఒక పక్క మడతబందులు ఉండి, తలుపువలె పక్కకు తెరుచుకొనే రెక్కల కిటికీ. ఇప్పుడు దానిని దుకాణాలలో కేస్‌మెంట్ అంటున్నారు. రెండవదానికి మడతబందులు పై అంచున ఉంటాయి. కింది అంచును బయటికి నెడితే రెక్క చూరువలె వాలి నిలుస్తుంది. దానిని ఆనింగ్ అనీ, టాప్ హంగ్ అనీ అంటున్నారు. మన స్నానపు గదుల వెంటిలేటర్లలో చాలావరకు ఈ జాతివే. ఈ వ్యాసంలో దానిని పైకెత్తు కిటికీ అని పిలుస్తాను.

ఈ రెండింటిలో ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు వెదకడానికి ముందు ఇంట్లోకి గాలి ఎట్లా రావాలన్నది తేల్చుకోవలసి ఉన్నది. దీనిని గురించి చరకాచార్యుడు సూత్రస్థానం పదిహేనవ అధ్యాయంలో స్పష్టంగా చెప్పాడు. రోగికి చికిత్స చేయడానికి కట్టవలసిన ఇంటి లక్షణాలను వర్ణిస్తూ, అది దృఢంగా ఉండాలన్నాడు. గాలి నేరుగా ఒంటిమీదికి కొట్టనిదిగా, అంటే నివాతంగా ఉండాలన్నాడు. ఆ వెంటనే, దానిలో ఒక భాగం మాత్రం గాలి బాగా ఆడేదిగా, అంటే ప్రవాతంగా ఉండాలన్నాడు. పొగ, ఎండ, నీరు, దుమ్ము లోపలికి చొరరాదన్నాడు. శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో పసిబిడ్డను ఉంచే గదిని వర్ణించేటప్పుడు కూడా ఇదే కొలత చెప్పాడు. ఆ గది చీకటిగా ఉండరాదు, గాలి నేరుగా తగలరాదు, అయినా ఒక పక్క గాలి ఆడుతూ ఉండాలి. రోగికీ శిశువుకూ ఒకే లక్షణం చెప్పడం గమనించదగినది. ఇద్దరూ దుర్బలులే, తమంతట తాము లేచి కిటికీ వేసుకోలేరు, తీసుకోలేరు.

సుశ్రుతుడు చికిత్సాస్థానంలో ఈ విషయాన్నే మరొకవైపునుండి వివరించాడు. ఒంటికి నేరుగా తగిలే గాలి చర్మానికి రూక్షత్వాన్ని, వర్ణహానిని, అంగాలకు బిగుసుకుపోవడాన్ని కలిగిస్తుంది. అదే గాలి మంటను, చెమటను, దప్పికను, మూర్ఛను పోగొడుతుంది కూడా. అందుచేత వేసవిలోనూ శరత్కాలంలోనూ హాయినిచ్చే గాలిని అనుభవించవచ్చుననీ, ఎల్లవేళలా ఆయుస్సుకూ ఆరోగ్యానికీ నివాతస్థానమే మేలనీ ఆయన తీర్పు. ఇక్కడ చాలామంది పొరపడతారు. నివాతమంటే గాలి చొరని గది కాదు. గాలి మంచంమీదికి సూటిగా దూసుకురాని గది. తలుపులూ కిటికీలూ బిగించుకొని పడుకోవడాన్ని ఏ ఆచార్యుడూ చెప్పలేదు.

మా గురువుగారి ఇంట్లో చదువుకొనే రోజులలో శిష్యులకు వంతులవారీగా పనులు ఉండేవి. మూలికలు దంచడం, కషాయపు పొయ్యి కనిపెట్టి ఉండడం, నీళ్ళు తోడడం వంటివాటితో పాటు కిటికీల వంతు కూడా ఒకటి. వసారాను ఆనుకొని రోగులను ఉంచే రెండు గదులు ఉండేవి. వాటి కిటికీలకు నాలుగేసి రెక్కలు. కింద రెండు, పైన రెండు. ఇప్పటికీ కోస్తా జిల్లాల పాత పెంకుటిళ్ళలో అటువంటివి కనిపిస్తాయి. తెల్లవారగానే నాలుగూ తీయాలి. రోగికి అభ్యంగనం జరిగేటప్పుడు గాలి వచ్చే దిక్కువి అన్నీ మూయాలి. రాత్రి పడుకొనేముందు కింది రెక్కలు మూసి గొళ్ళెం పెట్టి, పైవి తెరిచి ఉంచాలి. మంచం ఎత్తు రెండడుగులైతే కింది రెక్కల ఎత్తు అంతకు పైన మరొక అడుగున్నర వరకు ఉండేది. అందుచేత పడుకొన్నవాని తలమీదికి గాలి కొట్టదు. గదిలోని వేడిగాలి మాత్రం పైనుండి వెళ్ళిపోతుంది. చరకుడు చెప్పిన నివాతమూ ప్రవాతమూ ఒకే చట్రంలో ఇమిడి ఉన్నాయని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. వంతు తప్పితే మాత్రం మందలింపు తప్పేది కాదు.

ఈ నాలుగు రెక్కల కిటికీని మనసులో పెట్టుకొని ఇప్పటి రెండు రకాలనూ చూడండి.

రెక్కల కిటికీలో ఉన్న మొదటి గుణం, చట్రమెంతో దాదాపు అంత మేరా తెరుచుకోవడం. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీలో పదహారు చదరపు అడుగులలో కొయ్యకు పోయినది పోగా తక్కినదంతా గాలికి దారి ఇస్తుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా కనబడే జరుపుడు అద్దాల కిటికీలో అదే కొలతకు ఎనిమిది అడుగులకు మించి తెరుచుకోదు, ఒక అద్దం రెండవదాని వెనుకకు పోవడమే గనుక. రెండవ గుణం, తెరిచిన రెక్క గాలిని పట్టి లోపలికి మళ్ళించడం. తూర్పు గోడలో కిటికీ ఉన్నదనుకోండి, గాలి దక్షిణంనుండి గోడను ఒరుసుకొంటూ ఉత్తరానికి పోతున్నదనుకోండి. ఉత్తరపు అంచున మడతబందులున్న రెక్కను గోడకు అడ్డంగా నిలిపితే పోయే గాలి దానికి తగిలి గదిలోకి తిరుగుతుంది. దక్షిణపు అంచున ఉన్న రెక్క అడ్డంగా నిలిస్తే అదే గాలికి తెరవలె అడ్డుపడుతుంది. కనుక ఒంటిరెక్క కిటికీ చేయించేటప్పుడు మడతబందులు ఏ వైపు వేయాలో వడ్రంగి ఇష్టానికి వదిలిపెట్టరాదు. జంటరెక్కలైతే ఈ చిక్కు లేదు. గాలివాలును బట్టి ఒకటి మూయవచ్చు, ఒకటి తీయవచ్చు.

దోషాలూ ఉన్నాయి. వాన జల్లు కొడితే మూయక తప్పదు. పెనుగాలికి రెక్క కొట్టుకొని అద్దం పగులుతుంది. సందు ఇరుకైతే తెరిచిన రెక్క దారిన పోయేవారికి తగులుతుంది.

పైకెత్తు కిటికీ వాన పడుతున్నా తెరిచి ఉంచదగినది. దాని ప్రధాన గుణం ఇదే. మన దేశానికి ఇది చిన్న గుణం కాదు. రెక్కే చూరువలె నీటిని బయటికి జార్చివేస్తుంది. గాలి దాని కిందినుండి లోపలికి వచ్చి పైకి లేస్తుంది గాని సూటిగా మనిషిని కొట్టదు. అయితే తెరుచుకొనే మేర తక్కువ. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న రెక్కను ఎనిమిది అంగుళాలు బయటికి నెట్టి నిలిపితే, కింది సందు రెండు చదరపు అడుగులు, రెండు పక్కల త్రికోణపు సందులు కలిసి మరొక అడుగుంబావు. ఆరడుగుల కిటికీలో గాలికి దొరికేది మూడుంబావు మాత్రమే. అదీకాక, కంటి ఎత్తున పెట్టి నడిచే దారివైపు తెరిస్తే తలలు పగులుతాయి. ప్రమాదవేళ దానిగుండా మనిషి బయటపడటమూ కష్టం.

మన దేశపు నేషనల్ బిల్డింగ్ కోడ్ గదికి కిటికీల కొలత ఒకటి నిర్దేశించింది. వేడిగా, పొడిగా ఉండే ప్రదేశాలలో గది నేలలో పదవ వంతు. వేడితో పాటు చెమ్మ ఉండే ప్రదేశాలలో ఆరవ వంతు. ఆ రెండింటికీ నడుమ ఉండే వాతావరణంలో ఎనిమిదవ వంతు. కిటికీలో కొంత భాగం కదలని అద్దమైతే తెరుచుకొనే భాగాన్నే లెక్కించాలని కూడా ఉన్నది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గది నేల నూటఇరవై చదరపు అడుగులు. కోస్తాలోని చెమ్మ ప్రాంతమైతే ఇరవై అడుగుల కిటికీ కావాలి. నిజంగా తెరుచుకొనే మేర ఎంతన్న కొలమానంతో చూస్తే ఒక జరుపుడు కిటికీ దానిలో సగానికి కూడా రాదు. కేవలం పైకెత్తు కిటికీలతో ఆ లెక్క తీర్చాలంటే గోడంతా అవే కావాలి.

కనుక పడకగదికి నేను చెప్పేది ఒకటే. ఒకే చట్రంలో కింద జంటరెక్కలు, పైన ఒక పైకెత్తు రెక్క పెట్టించుకోవలెను. పాత నాలుగు రెక్కల కిటికీకి ఇది ఈనాటి రూపం. పై రెక్కలు వానకు మూయవలసి రావడమే ఆ పాత కిటికీలో ఉన్న లోపం. పైకెత్తు రెక్క ఆ లోపాన్ని కూడా తీరుస్తుంది. పగలు కిందివి తీయాలి, రాత్రి మూయాలి. పైది ఎప్పుడూ ఎంతోకొంత తెరిచే ఉండాలి. శీతకాలంలో నాలుగు వేళ్ళ సందు చాలు.

ఇది ఊహతో చెబుతున్న మాట కాదు. గోదావరి పక్కన ఒక ఊరినుండి డెబ్బై దాటిన పెద్దాయనను కుమారుడు తీసుకువచ్చాడు. ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. చాలా ఏళ్ళుగా తమకశ్వాస ఉన్నది, అంటే ఉబ్బసం. వానాకాలంలో, శీతకాలంలో మందుతో అదుపులో ఉండేది. ఏడాదిగా మాత్రం తెల్లవారుజామున మూడు గంటలకు లేచి కూర్చోవలసి వస్తున్నది. పథ్యం సరిగానే ఉన్నది. మందు మానలేదు. పడుకొనే గది సంగతి అడిగాను. ఏడాది క్రితమే ఇంటికి మరమ్మతులు చేయించి టేకు రెక్కలు తీసివేసి జరుపుడు అద్దాలు బిగించారట. “నాన్నగారికి చలిగాలి పడదు గదా అని సాయంత్రం ఆరింటికే అన్నీ మూసేస్తున్నామండీ, దుప్పటి కూడా అడ్డం కడుతున్నాము” అన్నాడు కుమారుడు. దోమల కోసం మంచం పక్కనే చక్రం వెలిగిస్తున్నారు. గోడ మూలలో బూజు పట్టి వాసన వేస్తున్నది. కొడుకు భక్తిలో లోపం లేదు. తండ్రికి గాలి తగలరాదన్న భయంతో ఆయనను పొగలోనూ బూజులోనూ బంధించాడు.

దోమల చక్రం ఆర్పించి, దోమతెర కట్టించి, కిటికీ పైభాగాన అద్దం తీయించి పైకెత్తు రెక్క ఒకటి పెట్టించమన్నాను. బూజు గీయించి గోడ ఆరిన తరువాత సున్నం వేయించమన్నాను. మా మందుతో పాటు ఆయన వాడుతున్న పీల్చే మందును ఆపవద్దన్నాను. రెండు నెలల తరువాత వచ్చినప్పుడు రాత్రి నిద్ర పడుతున్నదని చెప్పారు. కిటికీ రోగాన్ని నయం చేసిందని నేను అనను. ఉబ్బసం ఉన్నది, మందూ నడుస్తున్నది. మందును పని చేయనివ్వకుండా అడ్డుకొంటున్నది తొలగింది.

పురిటిగది విషయం ఇంతకంటె తీవ్రమైనది. బాలింతకు చలి తగలరాదని తలుపులూ కిటికీలూ బిగించి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, సాంబ్రాణి వేయడం మన ఇళ్ళలో ఇంకా పూర్తిగా పోలేదు. సాంబ్రాణి ధూపానికి శాస్త్రంలో స్థానమున్నది, నేను కాదనను. మూసిన గదిలో బొగ్గులకు లేదు. నిప్పు సరిగా మండక రాజినప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. ముందు తలనొప్పి, వికారం, తరువాత మగత. మగతలోనే ప్రాణం పోవచ్చు. బాలింత నిద్రపోతున్నదనుకొని ఇంట్లోవారు తృప్తిపడతారు. చరకుడు శిశువు గదికి చెప్పిన లక్షణాలలో ఒక భాగం ప్రవాతంగా ఉండాలన్న మాట ఎందుకున్నదో ఇక్కడ తెలుస్తుంది. బాలింతకు కాపడం కావాలంటే కుంపటిని వసారాలో పెట్టి గుడ్డను అక్కడ వేడి చేసి తెచ్చి కాచవలెను. ధూపం వేయాలంటే నిప్పులు బాగా రాజి పొగ తగ్గిన తరువాత, తల్లీ బిడ్డా పక్క గదిలో ఉండగా, కిటికీ తెరిచి వేసి, ఆ పాత్రను బయటికి తీసివేసిన పిమ్మట వారిని తీసుకురావలెను. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, తల తిరగడం వస్తే అజీర్తి అనుకొని శొంఠి కషాయం కాస్తూ కూర్చోరాదు. అందరినీ ఆరుబయటికి తెచ్చి 108కి కబురు చేయవలెను.

స్నానపు గదిలో గ్యాసు గీజరు బిగించుకొన్నవారికీ ఇదే హెచ్చరిక. అక్కడ వెంటిలేటరు మీది పైకెత్తు రెక్కను చలికి మూసివేసి, వేడినీళ్ళు వదులుకొని స్నానం చేస్తారు. పైరెక్క తెరిచి ఉంచడం ఒక్కటే చాలదు. గీజరును గదికి వెలుపల గోడకు బిగించి గొట్టంతో నీటిని లోపలికి తెచ్చుకోవలెను.

వంటింటికి రెండు రకాలూ కావాలి. దీనికి కారణం చాలామందికి తట్టదు. పోపు ఘాటు, పొగ, ఆవిరి వేడిగా ఉంటాయి గనుక పైకి లేస్తాయి. వాటికి పొయ్యి పైన ఎత్తున పైకెత్తు రెక్క మంచి దారి. వాన పడుతున్నా మూయవలసిన పని లేదు. వంటగ్యాసు మాత్రం గాలికంటె బరువైనది. సిలిండరునుండి కారితే నేలబారున పరుచుకొంటుంది. ఎత్తున ఉన్న రెక్క ఎంత తెరిచినా అది బయటికి పోదు. కిందినుండి గాలి ఆడే తలుపో, నేలకు దగ్గరగా జాలీ రంధ్రమో ఉండవలెను. గ్యాసు వాసన రాగానే రెగ్యులేటరు కట్టివేసి, తలుపులూ రెక్కల కిటికీలూ బార్లా తీసి, బయటికి వెళ్ళవలెను. దీపం గాని ఫ్యాను గాని వేయరాదు, వెలుగుతున్నది ఆర్పనూ రాదు. ఆ మీటలోని చిన్న నిప్పురవ్వ చాలు.

క్షయరోగి ఉన్న ఇంటికి గాలి ఔషధాలతో సమానం. 1859లో ఫ్లారెన్స్ నైటింగేల్ పరిచర్యను గురించి రాసిన పుస్తకంలో, రోగి పీల్చే గాలి బయటి గాలి అంత శుద్ధంగా ఉండాలనీ, అయినా రోగికి చలి పట్టరాదనీ మొదటి నియమంగా చెప్పింది. చరకుని వాక్యానికి ఇది అనువాదంవలె కనిపించడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. మందులు లేని ఆ రోజులలో క్షయకు గాలి, ఎండ, విశ్రాంతి, ఆహారం ఇవే చికిత్స. 1915లో మదనపల్లె వద్ద ఆరోగ్యవరంలో ప్రారంభమైన శానటోరియం ఆ పద్ధతిలో పేరుగాంచినదే. ఇప్పుడు మంచి మందులు వచ్చాయి. వైద్యులు చెప్పినన్ని నెలలు వాటిని మానకుండా వాడితీరవలెను, వాటి బదులు మా కషాయాలు పనికిరావు. అయినా మందు పని చేసేలోగా ఇంట్లోని పిల్లలను కాపాడేది తెరిచిన కిటికీయే. 2007లో పెరూ దేశపు లీమా నగరంలో ఎనిమిది ఆసుపత్రులను పరిశోధించి ప్రకటించిన లెక్క ఇది: కిటికీలూ తలుపులూ పూర్తిగా తెరిచిన గదులలో గంటకు సగటున 28 సార్లు గాలి మారుతున్నది. యంత్రాలతో గాలి ఆడించే గదులలో 12 సార్లు. అన్నీ మూసిన గదులలో ఒకటిన్నర సార్లు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత కట్టడాలు కొత్తవాటికంటె మేలుగా ఉన్నాయి. అటువంటి రోగి గదికి రెక్కల కిటికీయే కావాలి, ఎదురు గోడలో మరొకటి ఉంటే ఇంకా మేలు. ఇక్కడ పైకెత్తు రెక్క ఒక్కదానితో సరిపెట్టుకోవడాన్ని నేను ఒప్పుకోను. రోగికి చలి వేస్తే దుప్పటి కప్పవలెను గాని కిటికీ మూయరాదు.

ఇక దిక్కుల మాట. సుశ్రుతుడు సూత్రస్థానం ఇరవయ్యవ అధ్యాయంలో నాలుగు దిక్కుల గాలుల గుణాలూ చెప్పాడు. తూర్పుగాలి గురువు, స్నిగ్ధం. కఫప్రకృతి కలవారికి, వ్రణాలున్నవారికి మంచిది కాదు. అలసినవారికి, వాతరోగులకు హితం. దక్షిణపు గాలి లఘువు, కంటికి మంచిది, బలాన్నిస్తుంది, అన్నింటిలో శ్రేష్ఠం. పడమటిగాలి రూక్షం, పరుషం, బలాన్ని శోషింపజేస్తుంది. ఉత్తరపుగాలి చల్లనిది, మృదువైనది. మే నెలలో వడగాలి తిన్న తెలంగాణవారికి పడమటిగాలి గుణం వేరే చెప్పనక్కరలేదు. సముద్రతీరంలో వేసవి సాయంకాలం దక్షిణ, ఆగ్నేయ దిక్కులనుండి వచ్చే గాలి ఎంత హాయో విశాఖపట్నంవారికీ కాకినాడవారికీ తెలుసు.

దీనినిబట్టి మంచి గాలి వచ్చే దిక్కున రెక్కల కిటికీలు, వాన కొట్టే దిక్కున పైకెత్తువి అనుకొంటే చాలావరకు సరిపోతుంది. అన్ని ఊళ్ళకూ వాన దిక్కు ఒకటి కాదు. తెలంగాణలో జూన్ మొదలు సెప్టెంబరు వరకు జల్లు పడమటినుండీ నైరుతినుండీ కొడుతుంది. నెల్లూరు వైపు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యంనుండి వస్తుంది. ఇల్లు కట్టబోయే ఊళ్ళో ఏ గోడ నెమ్ముకొంటున్నదో పక్కింటిని చూస్తే తెలుస్తుంది. ఆ గోడకు పైకెత్తు రెక్కలు, పైన వెడల్పైన సన్‌షేడు ఉండవలెను. తుపాను హెచ్చరిక వస్తే రెండు రకాలూ ముందే మూసి గొళ్ళేలు బిగించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో అద్దాలను ఏమి చేసిందో చూసినవారికి ఇది గుర్తు చేయనక్కరలేదు.

రాయలసీమలో, తెలంగాణలో వేసవికి వట్టివేళ్ళ తడక కట్టే అలవాటు మంచిది. వట్టివేరును శాస్త్రంలో ఉశీరమంటారు. శీతం, దాహాన్నీ తాపాన్నీ తగ్గిస్తుంది. రెక్కల కిటికీని రెండువైపులా గోడకు ఆనేటట్లు బార్లా తీసి, చట్రమంతా కప్పే తడక కట్టి, మధ్యాహ్నం నీళ్ళు చల్లుతూ ఉంటే వడగాలి చల్లబడి సువాసనతో లోపలికి వస్తుంది. పైకెత్తు కిటికీకి ఇది కుదరదు. గాలి తడక మొత్తం మీదుగా రాక కింది సందునుండి మాత్రమే వస్తుంది. తడకను రాత్రి తీసి ఆరబెట్టవలెను, లేకపోతే బూజు పడుతుంది. బందరులోనో భీమవరంలోనో ఉన్నవారు ఈ తడకకు డబ్బు ఖర్చు పెట్టుకోవద్దు. గాలిలో ముందే చెమ్మ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, చల్లదనం రాదు, ఉక్కపోత మాత్రం పెరుగుతుంది.

దోమల జాలీ లేకుండా కిటికీ తెరవమని ఈ కాలంలో ఎవరికీ చెప్పలేము. ఈ రెండు రకాలలోనూ రెక్క బయటికి తెరుచుకొంటుంది గనుక జాలీ లోపలివైపు రావాలి. దానిని కదలకుండా బిగించితే రెక్కను ముట్టుకోవడానికే వీలుండదు. రెక్కను ఒకసారి మూసినవారు మళ్ళీ తెరవరు. జాలీకి వేరే చిన్న రెక్క చేయించి లోపలికి తెరుచుకొనేటట్లు పెట్టించవలెను. జాలీ గాలిని కొంత ఆపుతుంది. దుమ్ము పట్టితే ఎక్కువ ఆపుతుంది. నెలకొకసారి కుంకుడుకాయ నీళ్ళతో కడిగితే చాలు. ఊచలూ గ్రిల్లూ ఉన్న ఇంట్లో కనీసం ఒక రెక్కల కిటికీకి లోపలినుండి తాళం తీసి తెరవగల గ్రిల్ ఉండాలి. ఆ తాళంచెవి అందరికీ తెలిసిన చోట వేలాడదీయాలి. నిప్పు అంటుకొన్నప్పుడు అదే ద్వారం.

ఇన్ని చెప్పినా కిటికీ కింద తల పెట్టి పడుకొనేవారు ఉంటారు. తెల్లవారేసరికి మెడ ఒకవైపు బిగిసి, తల తిప్పలేకపోతారు. దీనిని మన్యాస్తంభమంటారు. నువ్వులనూనెను గోరువెచ్చగా కాచి మెడకూ భుజానికీ మెల్లగా మర్దించి, వావిలి ఆకును దంచి మూటకట్టి పెనంమీద వేడిచేసి, చర్మం ఓర్చుకొనేటంత వేడితో రోజుకు రెండుసార్లు పావుగంట కాపడం పెట్టవలెను. మూడు రోజులకూ తగ్గకపోయినా, చేతికి తిమ్మిరి దిగినా, జ్వరం కలిసినా వైద్యుని చూడవలెను. మంచం మాత్రం ఆ రోజే జరపవలెను. తల గోడవైపు, కిటికీ కాళ్ళవైపు ఉండేటట్లు.

రెక్కలు కిర్రుమంటున్నాయని, తెరిస్తే నిద్ర చెడుతుందని మూసి ఉంచేవారూ ఉన్నారు. మడతబందులలోనూ, రెక్కను పట్టి ఉంచే కడ్డీ మరలోనూ రెండు నెలలకొకసారి రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేయండి. ఇంట్లో ఉన్నది గదా అని కొబ్బరినూనె వేయవద్దు. చలికి పేరుకొంటుంది, దుమ్ము పట్టి జిగురవుతుంది, పండుగ నాటికి కిటికీ మళ్ళీ బిగుసుకొంటుంది.